మనసు జబ్బును దాచుకోవద్దు

నంద్యాలలో నమాజు ముగిసి జనం మస్జిదు నుంచి బయటికి వచ్చే వేళకు, బిడ్డలను చంకనెత్తుకున్న తల్లులు దువా ఊదించుకోవడానికి గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. ఆళ్లగడ్డలోనూ ఇంతే. దువాను మనం కాదనం. కాని నిద్రపట్టని కోడలికి, పరీక్ష పేరెత్తితే వణికే కొడుక్కి 'గాలి సోకింది' అని తాయెత్తు కట్టి, నెలల తరబడి ఇంట్లో దాచిపెడుతున్నాం. చిక్కంతా అక్కడే. మనసుకూ జబ్బు వస్తుందని, అందులో సిగ్గుపడవలసింది లేదని తెలుగువారికి చెప్పిన ఒక పెద్దమనిషిని ఈ వారం తలచుకుందాం.

ఆయన డాక్టర్ బి.వి.పట్టాభిరామ్. కాకినాడలో చదువుకునే రోజుల్లోనే ఇంద్రజాలం మీద మక్కువ పెంచుకున్నారు. హైదరాబాదులో ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూ ప్రదర్శనలిచ్చారు. గారడీలో మహిమ లేదనీ, ఉన్నది చేతి నేర్పేననీ చెప్పి, మూఢనమ్మకాలను పోగొట్టడానికి ఆ విద్యనే వాడారు. అక్కడి నుంచి ఆయన దృష్టి హిప్నాటిజం మీదికి, మనస్తత్వ శాస్త్రం మీదికి మళ్లింది. భయాలతో, దిగులుతో వచ్చినవారికి కౌన్సెలింగు చేశారు.

గదిలో చెప్పిన మాట ఒక్కరికే అందుతుంది. పుస్తకంలో రాస్తే ఊరూరికీ చేరుతుంది. పట్టాభిరామ్ తేలిక తెలుగులో ఎన్నో పుస్తకాలు రాశారు. 'కష్టపడి చదవొద్దు, ఇష్టపడి చదవండి' అన్న పుస్తకం పేరు వింటేనే విద్యార్థికి సగం బెదురు తీరుతుంది. ఆయన 2025 జూన్ 30న హైదరాబాదులో కన్నుమూశారు.

ఇది మనకు పరాయి విద్య అనుకోనక్కరలేదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహ ఆరోగ్యానికి ఒక భాగం, మనసు ఆరోగ్యానికి ఒక భాగం కేటాయించి గ్రంథం రాశారు. కోపం, భయం, దుఃఖం, వదలక వేధించే ఆలోచనలు – వీటన్నిటినీ విడివిడిగా వివరించారు.

ఇంతటి వారసత్వం ఉండి కూడా రోగిని బంధించి ఉంచితే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న చూశాం. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టి ఉన్నవారు పారిపోలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ఒక్క సంగతి. పుస్తకం ధైర్యమిస్తుంది గాని, ముదిరిన జబ్బుకు మందు కాదు. అందుకు మానసిక వైద్యుడే కావాలి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' ఇది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

జ్వరం వస్తే దువా చేస్తాం, డాక్టరు దగ్గరకూ పోతాం. మనసు జబ్బుకు మాత్రం దువాతో ఆగిపోవడం ఎందుకు?