చక్రము చేతికి వచ్చినప్పుడు



మా అబ్బాయికి పదిహేనేళ్ళు. నాలుగేళ్ళుగా వాడికి టీవీ ముందు కార్ల పందెపు ఆట అంటే ప్రాణము. చదువు అయిపోయాక ఒక గంట ఆడుకోవడానికి మేము ఒప్పుకున్నాము. రెండు చేతులతో పట్టుకొని బొటనవేళ్ళతో నడిపే చిన్న కంట్రోలరు వాడి దగ్గర ఉండేది. గత వేసవి సెలవులలో హైదరాబాదు నుండి వాళ్ళ మేనమామ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. అందులో తాను కొన్నాళ్ళు వాడి పక్కన పెట్టిన స్టీరింగు చక్రము, మూడు పెడళ్ళు ఉన్నాయి.

మా అమ్మగారు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా, బండి లేకుండా స్టీరింగు ఎందుకురా?" అన్నారు.

"బండి టీవీలో ఉంది నానమ్మా" అన్నాడు వాడు.

అందరమూ నవ్వుకున్నాము. అయితే ఆ చక్రము వచ్చిన తరువాతి రెండు నెలలలో మా ఇంటిలో జరిగినది నవ్వుకొని వదిలేసే విషయము కాదు. మీ పిల్లలు కూడ ఇటువంటి కోరిక కోరవచ్చు గనుక మేము చూసినదీ, నేర్చుకున్నదీ మీతో చెప్పాలనుకున్నాము.

మొదటి రాత్రి ఓటమి

వాడు ఆడే ఆట పేరు గ్రాన్ టురిస్మో. దీని మొదటి భాగము 1997లో జపానులో వచ్చింది. ఈ ఆటలో ఇప్పుడు జపానులోని సుకుబా అనే పందెపు బాట ఉన్నది. ఒక చుట్టు రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ బాట మీద మా వాడు కంట్రోలరుతో వందల చుట్లు తిరిగాడు. చక్రము బిగించిన మొదటి రాత్రి అదే బాట మీద, అదే బండితో తన పాత సమయము కంటే తొమ్మిది సెకన్లు వెనుకబడ్డాడు. ప్రతి మలుపులోనూ బండి గడ్డిలోకి పోయింది. తరువాత వాడి చెల్లెలు పాత కంట్రోలరు తీసుకొని వాడి కంటే ముందుగా చుట్టు ముగించింది. వాడి ముఖము చిన్నబోయింది.

"ఇది నాకు రాదు నాన్నా. మావయ్యకు తిరిగి పంపేద్దాము" అన్నాడు.

"సైకిలు మొదటి రోజే వచ్చిందా నీకు? మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది చూడు" అన్నాము.

ఆ మాటకు ఆగాడు గాని నమ్మకము కలుగలేదు. నాలుగేళ్ళ అనుభవము ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయిందో వాడికి అర్థము కాలేదు. నిజము చెప్పాలంటే మాకూ అర్థము కాలేదు. వాళ్ళ మావయ్యను అడిగి, మేము కూడ కొంచెము చదివి తెలుసుకున్నాము.

ఎందుకు వెనుకబడతారు?

కంట్రోలరు మీద ఉండే చిన్న పుల్ల మధ్య నుండి అంచుకు జరిగే దూరము సుమారు అర అంగుళమే. బొటనవేలు దానిని రెప్పపాటులో ఈ అంచు నుండి ఆ అంచుకు నెట్టగలదు. నిజమైన బండి చక్రాలను అంత వేగముగా తిప్పితే బండి అదుపు తప్పవచ్చు. అందుచేత ఆట తయారుచేసినవారు లోపల ఒక సాయము పెడతారు. వేలు ఎంత తొందరపడినా ఆటలోని బండి చక్రాలు నిదానముగా తిరుగుతాయి. వేగము పెరిగే కొద్దీ అవి తిరిగే మేర కూడ తగ్గుతుంది. ఆడేవాడికి తెలియకుండానే ఒక అనుభవశాలి పక్కన కూర్చొని చేయి పట్టుకొని నడిపించినట్లు అన్నమాట.

చక్రము దగ్గర ఆ చేయి చాలావరకు తొలగిపోతుంది. మా ఇంటికి వచ్చిన చక్రము ఒక చివర నుండి మరొక చివరకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. ఎక్కువ తిప్పినా, ఆలస్యముగా తిప్పినా ఆ తప్పు ఆడేవానిదే. మా వాడు మొదటి రాత్రి ఒక్కసారిగా చెడిపోలేదు. అంతవరకు కనబడకుండా అందిన సాయము ఆగిపోయింది, అంతే.

పెడళ్ళ సంగతి కూడ ఇంతే. కంట్రోలరులో చూపుడువేలితో నొక్కే మీటే బ్రేకు. ఇక్కడ కాలితో తొక్కాలి. మా పెడళ్ళలో బ్రేకు కింద రబ్బరు ముక్క ఉండడము వలన కొంత దూరము పోయాక గట్టిగా అడ్డుతగులుతుంది. ఎంత తొక్కితే ఎంత ఆగుతుందో కాలు నేర్చుకోవడానికి రోజులు పడుతుంది.

మేము చేసిన చిన్న మార్పులు

మొదటి వారములో కష్టపెట్టినది ఆట కాదు, కుర్చీ. బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రాల కుర్చీ వెనుకకు జారిపోయేది. దానిని తీసివేసి నాలుగు కాళ్ళ చెక్క కుర్చీ వేశాము. పెడళ్ళు ముందుకు పోకుండా గోడకు ఆనించి పెట్టాము. చక్రమును ఊగిపోయే చదువుకునే బల్ల నుండి తీసి బరువైన పాత టేకు బల్లకు బిగించాము. చక్రము ఛాతీకి ఎదురుగా, మోచేతులు కొద్దిగా వంగి ఉండేలా కూర్చోబెట్టాము. ఈ మార్పులతోనే సగము తడబాటు పోయింది.

తరువాత మావయ్య ఫోనులో చెప్పిన నాలుగు మాటలు పాటించాడు. పెద్ద వేగపు బండ్లను వదిలి చిన్న బండి ఒక్కటే తీసుకోవాలి. ఒకే బాట మీద నడపాలి. బండి వెనుక నుండి కాక డ్రైవరు కూర్చునే చోటు నుండి బాటను చూడాలి. రెండు వారములు గడియారము వైపు చూడనే కూడదు. వీటికి మేము ఐదవ మాట చేర్చాము: రోజుకు అరగంట మాత్రమే. అలసిన చేయి తప్పునే అలవాటు చేసుకుంటుంది.

చేతులు గడియారములో తొమ్మిది, మూడు అంకెలు ఉండే చోట పట్టుకోవడము, బండి ముక్కు వైపు కాక వెళ్ళవలసిన చోటు వైపు చూడడము వాడికి మెల్లగా అలవాటయ్యాయి. మూడవ వారము చివరికి పాత సమయమును అందుకున్నాడు. ఆ తరువాత దానిని దాటింది కొద్దిపాటే. కాని పది చుట్లు తిరిగితే పదీ ఇంచుమించు ఒకే సమయములో ముగుస్తున్నాయి. మునుపు అలా ఉండేది కాదు.

చక్రము చెప్పే మాట

ఈ చక్రము లోపల ఒక మోటారు ఉంటుంది. బండి టైర్లు నేలను పట్టుకొని ఉన్నప్పుడు చక్రము బరువుగా ఉండి, నడిమికి రావడానికి మన చేతిని లాగుతుంది. ముందు టైర్లు జారడము మొదలైతే ఆ బరువు తగ్గిపోతుంది. ఒకనాటి సాయంత్రము మా వాడు, "నాన్నా, మలుపులో ఉన్నట్టుండి చక్రము తేలికైపోతోంది. ఇంకా తిప్పినా బండి తిరగడము లేదు" అన్నాడు.

అది మాకు తెలిసిన సంగతే. వరిమడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు బురదలో పట్టు తప్పితే స్టీరింగు ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది. "అప్పుడు ఇంకా తిప్పకూడదురా. వేగము తగ్గించి, చక్రము కొంచెము వదులు చెయ్యి. పట్టు దొరికాక తిప్పు" అన్నాము. వాడు అలాగే చేశాడు. బండి తిరిగింది. టీవీలోని ఆటకు, మా పొలములోని బురదకు ఒకటే సూత్రమని ఆ రోజు తెలిసి ఆశ్చర్యపోయాము. తండ్రి పనిలో నేర్వదగినది ఉందని పిల్లవాడికి తెలియడము మాకు ఎక్కువ సంతోషమిచ్చింది.

ఆ సంతోషములోనే మేము ఒక సంగతి మరచిపోయాము.

కాలువ గట్టు మీద

ఒక ఆదివారము మధ్యాహ్నము మేము నిద్రలో ఉండగా వాడు మేకుకు తగిలించిన కారు తాళము తీసుకున్నాడు. బండిని కొట్టము నుండి బయటికి తీసి, కాలువ గట్టు మీద రెండు వందల గజములు నడిపాడు. ఎదురుగా మా ఊరి పెద్దాయన ఒకరు సైకిలు మీద గడ్డిమోపుతో వస్తున్నారు. వీడు బ్రేకు తొక్కాడు. ఆటలో గట్టిగా తొక్కి అలవాటైన కాలు. బండి జారి, ఇంజను ఆగిపోయి, గట్టు అంచున నిలిచింది. ఆ పెద్దాయన సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోయారు. గడ్డిమోపు కాలువలో పడింది. ఆయనకు మోచేయి గీరుకున్నది తప్ప మరేమీ కాలేదు.

వాడే ఇంటికి వచ్చి చెప్పాడు. చేతులు వణుకుతున్నాయి. "అమ్మా, తాత పడిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టే మీట లేదమ్మా" అన్నాడు.

ఆ మాట ఈనాటికీ మా చెవులలో ఉంది. ఆటలో గోడకు కొట్టుకుంటే ఒక మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చక్రము చేతికి బరువు చూపించగలదు గాని, ఎదుట వచ్చే మనిషి ప్రాణపు బరువు చూపించలేదు. ఆడేవాని కాలికి భయము నేర్పలేదు. చక్రము నిజమైన బండికి ఎంత దగ్గరగా ఉంటే అంత తేలికగా పిల్లవాడు తనకు అంతా వచ్చుననుకుంటాడు.

ఆ సాయంత్రము వాడిని వెంటబెట్టుకొని ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. మరునాడు వాడే గడ్డి కోసి, మోపు కట్టి వారి పశువులకు వేసి వచ్చాడు.

తప్పు వాడిదే అని ఊరుకుంటే సరిపోదు. మన దేశములో పద్దెనిమిదేళ్ళు నిండనివారికి కారు నడిపే లైసెన్సు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము ప్రకారము పిల్లలు బండి నడిపి నేరము చేస్తే సంరక్షకునికి లేక బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళ వరకు లైసెన్సు ఇవ్వరు. ఇదంతా తెలిసీ మేకుకు తాళము తగిలించినది మేమే గదా!

ఆట నుండి బాటకు వెళ్ళినవాడు

"మరి ఆట ఆడి నిజమైన పందెములకు వెళ్ళినవారు ఉన్నారు కదా నాన్నా?" అని వాడు కొన్నాళ్ళకు అడిగాడు. ఉన్నారు. గ్రాన్ టురిస్మో ఆట ద్వారా డ్రైవర్లను ఎంపిక చేసిన పోటీలో 2011లో బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో గెలిచాడు. అప్పుడతనికి పంతొమ్మిదేళ్ళు. పోటీలో పాల్గొన్నవారు సుమారు 90,000 మంది. 2013లో ఫ్రాన్సులో జరిగే ఇరవై నాలుగు గంటల లె మాన్ పందెములో అతని జట్టు తన తరగతిలో మూడవ స్థానము పొందింది. అతని కథను 2023లో సినిమాగా తీశారు.

ఆ పోటీ గెలిచినవానికి వెంటనే పందెపు బండి తాళము చేతికి ఇవ్వలేదు. శిక్షకుల కింద నిజమైన బండిలో నేర్పించి, చిన్న పందెములు నడిపించి, అర్హత సంపాదించాకే పెద్ద పందెములకు పంపారు. అంత నేర్చిన తరువాత కూడ 2015 మార్చిలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో అతని కారు గాలిలోకి లేచి కంచె దాటి పడగా చూడవచ్చిన ఒకరు మరణించారు. మేము ఈ రెండు భాగములూ మా వాడికి చెప్పాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట

మేము ఆ చక్రమును తిరిగి పంపలేదు. నెల రోజులు అటక మీద పెట్టి, తరువాత దించాము. ఇప్పుడు కారు తాళము మా దగ్గరే ఉంటుంది. ప్రతి శనివారము వాడు కారు కడిగి, టైర్లలో గాలి చూస్తాడు. బ్రేకు నూనె ఎక్కడ ఉంటుందో వాడికి తెలుసు. పద్దెనిమిదేళ్ళు నిండాక డ్రైవింగు బడిలో చేర్పిస్తామని మాట ఇచ్చాము.

మీ పిల్లలు ఇటువంటి చక్రము కావాలంటే అప్పు చేసి కొనవద్దు. కంట్రోలరుతోనే చక్కగా, వేగముగా ఆడేవారు ఎందరో ఉన్నారు. దగ్గరివారి ద్వారా చేతికి వస్తే, మొదటి మూడు వారముల ఓటమిని ఓర్చుకోమని చెప్పండి. ఆ ఓర్పు ఎక్కడైనా పనికివస్తుంది. కాని చక్రము బల్లకు బిగించిన రోజుననే బండి తాళము దాచండి. మేము ఆలస్యముగా చేసిన పని అదే.

మొన్న ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చి, వాడు ఆడుతుంటే కాసేపు చూశారు. వెళ్ళేటప్పుడు, "బాగా తిప్పుతున్నావురా. ఆ గట్టు మీద మాత్రము ఇంకో మూడేళ్ళు నేనే తిరుగుతాను" అన్నారు.

"అలాగే తాతా" అన్నాడు మా వాడు.