తోడు పెట్టి చూపించండి.. సూక్ష్మజీవులు అర్థమవుతాయి!

'మట్టి ముట్టుకోకు, క్రిములుంటాయ్!' బాగ్ లింగంపల్లి సుందరయ్య పార్కులోనే కాదు, పిల్లలు ఆడుకునే ఏ పార్కులోనైనా వినబడే మాటే ఇది. తప్పేం కాదు. కానీ సూక్ష్మజీవుల గురించి పిల్లలకి మనం చెప్పే మొదటి మాటా చివరి మాటా అదే అయిపోతోంది. దాంతో వాళ్ల దృష్టిలో ప్రతి సూక్ష్మజీవీ టీవీ యాడ్‌లో కొమ్ములతో కనిపించే విలనే!

మీ ఇంట్లో చిన్న తమ్ముడో, చెల్లో, అక్క కొడుకో ఉన్నారా? ఈ ఆదివారం అసలు సంగతి చూపించండి. మైక్రోస్కోప్ అక్కర్లేదు. రెండు గిన్నెలు, పాలు, కాస్త పెరుగు చాలు.

రెండు గిన్నెల ఆట

రాత్రి కాచిన పాలని రెండు గిన్నెల్లో పోయండి. మొదటి గిన్నెలో పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు పెట్టి వంటగట్టు మీద ఉంచండి. రెండో గిన్నెలో పాలు బాగా చల్లారాక తోడు కలిపి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

పొద్దున చూస్తే గట్టు మీద పెరుగు, ఫ్రిజ్‌లో ఇంకా పాలే. ఎందుకలా? ముందు పిల్లల్నే ఊహించమనండి. తర్వాత చెప్పండి. చెంచాడు పెరుగులో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. అవి పాలలోని చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపుకే పాలలోని ప్రొటీన్లు గడ్డకట్టి పెరుగవుతుంది. చలికి వాటి పని బాగా మందగిస్తుంది. రెండో గిన్నెని బయటపెట్టండి, అదీ తోడుకుంటుంది. వాటికి ప్రాణం ఉందనీ, తిండీ వెచ్చదనం కావాలనీ పిల్లలకి అక్కడే తెలిసిపోతుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగేదీ ఇలాంటి బ్యాక్టీరియా వదిలే గ్యాస్ వల్లే.

ఆకు మట్టయ్యేదెలా?

సాయంత్రం పార్కుకి తీసుకెళ్లి, చెట్టు కింద తడిసిన ఆకుల కుప్పని పుల్లతో కదిలించి చూపించండి. పైన ఎండుటాకులు, కింద చివికినవి, ఇంకా కింద నల్లటి మట్టి. ఫంగస్, బ్యాక్టీరియా కలిసి ఆకుని కుళ్లబెట్టి, అందులోని పోషకాలని మళ్లీ చెట్టు వేళ్లకి అందిస్తాయి. అవి లేకపోతే రాలిన ఆకు రాలినట్టే పేరుకుపోతుంది.

మట్టిలో దొరికిన మందు

ఆ మట్టిలోంచే మందులూ వచ్చాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనలకి నాయకత్వం వహించారు. ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ నుంచి తెప్పించిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని గుర్తించారు. దాన్నుంచి తయారైన ఆరియోమైసిన్ 1948లో వాడుకలోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్‌లో మొదటిది అదే.

మరి చెడ్డవి లేవా? ఎందుకు లేవు! 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టారు. అదీ సూక్ష్మజీవే. అందుకే మట్టిలో ఆడాక, అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

భయం ఒక్కటే నేర్పితే ఇంకో చిక్కుంది. చిన్న జలుబుకీ యాంటీబయాటిక్ అడిగే అలవాటు అక్కడే మొదలవుతుంది. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, వాటి మీద ఆ మందు పనిచేయదు. పైగా పేగుల్లో మనకి సాయపడే బ్యాక్టీరియా చస్తుంది. అయినదానికీ కానిదానికీ వాడితే, మందుకి లొంగని మొండి బ్యాక్టీరియా పెరుగుతుంది. రేపు నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చు. అందుకే డాక్టర్ రాయకుండా వాడొద్దు.

ఇవన్నీ ఒకే రోజు చెప్పక్కర్లేదు. ముందు గిన్నెలతో మొదలెట్టండి. రెండో గిన్నె బయటపెట్టాక ఎన్ని గంటలకి తోడుకుందో పిల్లల్నే రాసిపెట్టమనండి. మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.