స్పిట్‌ఫైర్ నడిపిన బామ్మలు

తొంభై రెండేళ్ళ బామ్మ యుద్ధవిమానం నడపడం ఎప్పుడైనా విన్నారా? బ్రిటన్‌లో జాయ్ లాఫ్ట్‌హౌస్ 2015లో ఆ పని చేశారు. డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ స్పిట్‌ఫైర్ ఎక్కి, కాసేపు తనే నడిపి, కిందికి దిగాక వయసు వెనక్కి వెళ్ళినట్టుందని మురిసిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీల నుంచి విమానాల్ని వైమానిక దళానికి చేర్చడానికి అక్కడ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ అనే సంస్థ ఉండేది. 1940 జనవరిలో పాలిన్ గోవర్ ఆధ్వర్యంలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు అందులో చేరారు. తర్వాత మహిళా పైలట్లు 168 మంది అయ్యారు. మొదట్లో వాళ్ళ చేతికిచ్చినవి చిన్న శిక్షణ విమానాలే. పైకప్పులేని టైగర్ మాత్‌లలో, ఎముకలు కొరికే చలిలో వెళ్ళేవారు. 1941లో గానీ యుద్ధవిమానాలు ఇవ్వలేదు.

రేడియో ఉండేది కాదు. మ్యాపూ, దిక్సూచీ, కింద కనిపించే నదులూ, రైలు పట్టాలే ఆధారం. ముందెన్నడూ చూడని రకం విమానమైనా సరే, ఓ చిన్న కార్డుల పుస్తకం తిరగేసి ఎక్కెయ్యడమే! కొత్త మిక్సీ వస్తే దాంతో ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివితే గానీ నేను స్విచ్ వెయ్యను.

మేరీ ఎలిస్ అలా 76 రకాల విమానాలు నడిపారు. ఒకసారి పెద్ద వెల్లింగ్టన్ బాంబర్‌ని ఒక్కరే తెచ్చి దింపితే, అక్కడివాళ్ళు "పైలట్ ఏడీ?" అన్నారట. "నేనే" అన్నా నమ్మక లోపలికెక్కి వెతికారట!

అందరికీ ఇలా జ్ఞాపకాలు చెప్పుకునే అదృష్టం దక్కలేదు. 1930లో ఒంటరిగా ఆస్ట్రేలియాకి ఎగిరి వెళ్ళిన ఆమీ జాన్సన్ 1941 జనవరిలో ఈ ఉద్యోగంలోనే ప్రాణం పోగొట్టుకున్నారు. అంత ప్రమాదమున్న పనికీ ఆడవాళ్ళకి మొదట్లో జీతం 20 శాతం తక్కువ. 1943లో సమానం చేశారు.

1945 నవంబరులో సంస్థని మూసేశారు. మేరీ ఎలిస్ శాండౌన్ విమానాశ్రయం మేనేజరయ్యారు. కానీ చాలామందికి మళ్ళీ విమానం నడిపే అవకాశమే రాలేదు. జాయ్ టీచరయ్యారు. ప్రభుత్వం గుర్తుపెట్టుకుని బ్యాడ్జీ ఇచ్చింది 2008లో! జాయ్ 2017లో, మేరీ 101 ఏళ్ళ వయసులో 2018లో కన్నుమూశారు.

వాళ్ళ ముచ్చట్లలో నన్ను కదిలించింది యుద్ధం కాదు. స్పిట్‌ఫైర్ ఒంటికి కుట్టించుకున్న బట్టలా ఉండేదని చెప్పేటప్పుడు ఆ ముసలి కళ్ళలో మెరుపు. అంత విద్య చేతిలో ఉండీ, అన్నేళ్ళు ఎవరూ అడక్కపోతే మనసుకి ఎలా ఉంటుంది?

మా అత్తయ్యగారు పెళ్ళికి ముందు ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నారట. ఆ సంగతి నేను కాపురానికొచ్చిన పన్నెండేళ్ళకి, అదీ ఎవరో చుట్టాలు చెబితే తెలిసింది. "చెప్పలేదేం అత్తయ్యా?" అంటే, "ఎవరడిగారే?" అన్నారు.

మీ ఇంట్లో బామ్మని ఈ ఆదివారం ఓసారి అడిగి చూడండి.