మీకు తెలుసా? కిటుకంతా రేడియేటర్ మూతలోనే!

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అందుకే నగరంలోని యూసుఫ్‌గూడలో పొయ్యి మీది నీళ్లు సుమారు 98 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మరి ఇంజిన్‌లో అంతే వేడెక్కే కూలెంట్ ఎందుకు పొంగిపోదు?

రేడియేటర్ మూతలోని స్ప్రింగు వాల్వు లోపల దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దరిదాపుల్లోగానీ మరగవు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి పడిపోయి ఆవిరి ముఖాన చిమ్ముతుంది. ఇంట్లో రేడియేటర్ మార్చుకునేవారు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, థర్మోస్టాట్ పాతబడి ఉంటే అప్పుడే మార్చేస్తే కూలెంట్‌ను మళ్లీ దింపే పని తప్పుతుంది.

బోరు నీళ్లు మాత్రం పోయకూడదు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సన్నని గొట్టాల్లో పొలుసు కడతాయి. డిస్టిల్డ్ వాటర్, ఇథిలిన్ గ్లైకాల్ కూలెంట్ సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల వరకూ గడ్డకట్టదు. అంత చలి లేని మన ఊళ్లో దాని అసలు మేలు తుప్పు పట్టనీయకపోవడమే.

షూటింగులకు వెళ్లే జనరేటర్ వ్యాన్లది మరో కథ. కరెంటు ఇచ్చేటప్పుడు బండి కదలదు, ఎదురుగాలి ఉండదు. రేడియేటర్‌ను చల్లబరిచే భారమంతా ఫ్యానుదే.

1901 నాటి మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు రేడియేటర్ రూపొందించారు. అందులోని చిన్న గొట్టాలు 8,070!

జాగ్రత్త: ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. దింపిన కూలెంట్‌ను కుక్కలు, పిల్లులు నాకకుండా డబ్బాలో పట్టి మూత పెట్టాలి.