చెయ్యి పట్టి ఆపడమూ సహాయమే



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కురియాలని వేడుకొని, ముందుగా మనకు మనం దైవభీతిని గుర్తుచేసుకుందాము. యువకులు ముఠాలుగా ఏర్పడి ఒకరి ప్రాణాలు మరొకరు తీసుకునే దురవస్థ గురించీ, దానిని నివారించడంలో సమాజమంతటికీ గల ఉమ్మడి బాధ్యత గురించీ ఈ జుమా ప్రసంగంలో తెలుసుకుందాము.

దౌర్జన్యానికి గురైన సోదరునికే కాక, దౌర్జన్యం చేసే సోదరునికి కూడా సహాయపడాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఉపదేశించినప్పుడు అనుచరులు ఆశ్చర్యపోయారు. దౌర్జన్యపరునికి చేయవలసిన సహాయమేమిటని అడిగారు. అతనిని ఆ దౌర్జన్యం నుండి ఆపడమే అతనికి చేసే సహాయమని ఆయన వివరించారు. కత్తి పట్టిన యువకుని విషయంలో ఈ బోధను ఎలా ఆచరించాలన్నదే నేటి ప్రశ్న.

ఆపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ప్రవక్త పదవి లభించక పూర్వం మక్కాలో జరిగిన ఒక సంఘటన ఇందుకు నిదర్శనం. యెమెన్‌కు చెందిన ఒక వర్తకుని సరుకు తీసుకున్న ఖురైష్ ప్రముఖుడొకడు వెల చెల్లించలేదు. పరదేశి అయిన ఆ వర్తకుడు బహిరంగంగా మొరపెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాల పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు అందరం ఒకటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందం. యువకునిగా అందులో పాల్గొన్న ప్రవక్త, ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానని చెప్పారు. మనవాడా పరాయివాడా అని చూడకుండా న్యాయం పక్షాన నిలవడమే దానికి ప్రాణం.

సోదరులారా! ఇటువంటి ఐక్యత ముఠా హత్యల విషయంలో ఏమి సాధించగలదో అమెరికాలోని బోస్టన్ నగర అనుభవం తెలుపుతుంది. అక్కడివారి మతం వేరు, దేశం వేరు. అయినా మేలైన విషయం ఎక్కడ ఉన్నా గ్రహించడం వివేకం.

1990 ప్రాంతంలో ఆ నగరపు పేదవాడలలో యువకుల హత్యలు తీవ్రమయ్యాయి. 1992 మే నెలలో, హత్యకు గురైన ఒక యువకుని అంత్యక్రియల ప్రార్థన చర్చిలో జరుగుతుండగా ముఠా యువకులు లోపలికి చొరబడి, అక్కడివారందరి ఎదుటనే ఒక యువకునిపై దాడి చేశారు. మతపెద్దలు కలత చెందారు. తమ ప్రసంగాలు చర్చి గోడలు దాటడం లేదని గ్రహించి, టెన్ పాయింట్ కోయలిషన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. యూజీన్ రివర్స్, రే హామండ్, జెఫ్రీ బ్రౌన్ వారిలో ముఖ్యులు. శుక్రవారం రాత్రులు వీధులలో నడుస్తూ యువకులతో మాట్లాడారు, వారి మాటలు ఓపికగా విన్నారు.

తరువాత పోలీసులు, వీధులలో యువకుల మధ్య పనిచేసే కార్యకర్తలు, హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి పరిస్థితిని పరిశీలించారు. నగరంలో సుమారు 61 ముఠాలు, వాటిలో దాదాపు 1,300 మంది సభ్యులు ఉన్నట్లు తేలింది. వీరు నగర యువతలో నూటికి ఒక్కరు కూడా కారు. అయినప్పటికీ యువకుల హత్యలలో కనీసం 60 శాతానికి ఈ ముఠాల తగాదాలే మూలం. కావున ఒక వాడలోని యువకులందరినీ నేరస్థులుగా చూడడం అన్యాయమే కాదు, నిష్ప్రయోజనం కూడా.

1996లో ఆ ముఠాల సభ్యులను సమావేశాలకు పిలిపించారు. పోలీసులు, న్యాయాధికారులు, మతపెద్దలు, సేవా కార్యకర్తలు ఒకే వరుసలో కూర్చుని రెండు మాటలు చెప్పారు. హత్యలు ఆగాలి, ఇకపై ఒక్కడు హత్య చేసినా ఆ ముఠా అంతటిపై చట్టం దృష్టి పడుతుందన్నది మొదటి మాట. ఈ దారి విడిచి వచ్చేవానికి చదువుకూ, ఉపాధికీ మేము తోడుంటామన్నది రెండవది.

1991 నుండి 1995 వరకు ఆ నగరంలో 24 ఏళ్ళలోపు వారి హత్యలు ఏటా సగటున 44 జరిగేవి. అవి 1996లో 26కు, 1997లో 15కు తగ్గాయి. ఆ సంవత్సరాలలో అమెరికా అంతటా హత్యలు తగ్గుతున్న మాట నిజమే. అయినా ఈ సమష్టి కృషి పాత్రను పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తించారు.

అయితే ఈ ఉదంతంలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. 2000 నాటికి ఆ కూటమి సడలిపోయింది. తరువాతి సంవత్సరాలలో ముఠా హత్యలు మళ్ళీ పెరిగాయి. 2007లో ఆ పనిని తిరిగి చేపట్టవలసి వచ్చింది. మదీనాలో ఔస్, ఖజ్రజ్ తెగలు సోదరులైన తరువాత కూడా ఒకడు పాత యుద్ధపు పగలను గుర్తుచేయగానే ఇరువర్గాలూ ఆయుధాలకై లేచాయి. ప్రవక్త స్వయంగా వారి మధ్యకు వెళ్ళి శాంతింపజేశారు. ఒకసారి కుదిరిన శాంతిని నిత్యం కాపాడుకోవలసి ఉంటుంది.

ఇక మన సంగతి ఆలోచిద్దాము. మన బస్తీలో ఒక అబ్బాయి నడుమున కత్తి దోపుకొని తిరుగుతున్నాడని తల్లికి తెలుసు, స్నేహితులకు తెలుసు, టీ దుకాణం యజమానికి తెలుసు. ఎవరికి వారు మౌనం వహిస్తారు. మనవాడు కదా అని బంధువులు దాచిపెడతారు. చివరకు జనాజా నమాజులో అందరం కలుసుకుంటాము. ఒక ఇంటికి శవం, మరో ఇంటికి జైలు మిగులుతాయి. మనవాడని దాచిపెట్టడం అతనికి సహాయం కాదు, ద్రోహం.

కావున ప్రతి మస్జిద్ కమిటీ బస్తీ పెద్దలను, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, ఇతర మతాల ఇరుగుపొరుగువారిని కలుపుకొని నెలకొకసారైనా కూర్చోవాలి. తగాదా మొదలైన నాడే ఇరువర్గాల ఇళ్ళకూ వెళ్ళాలి. ప్రాణభయం ఉన్నచోట ఆలస్యం చేయక పోలీసులకు తెలపాలి. సాక్ష్యం దాచకూడదు. చదువు మానిన యువకునికి పని నేర్పే బాధ్యతను చేతిలో వృత్తి గలవారు స్వీకరించాలి. జైలు నుండి తిరిగి వచ్చినవానిని వెలివేయక, మొదటి సఫ్‌లో మన పక్కన చోటివ్వాలి.

ఓ అల్లాహ్! మా యువకుల ప్రాణాలను కాపాడు. తప్పు చేసేవాని చెయ్యి పట్టుకునే ధైర్యాన్నీ, మరలివచ్చినవానిని అక్కున చేర్చుకునే హృదయాన్నీ మాకు ప్రసాదించు. ఆమీన్.