కొట్టంలోని కారు

పాత పెంకుటిళ్ల పంచల్లోను, మిల్లుల వెనుక షెడ్లలోను గోనెపట్టాలు కప్పుకొని ఏళ్ల తరబడి కదలక పడి ఉన్న కార్లను మీలో చాలామంది చూసే ఉంటారు. వాటి టైర్లు గాలి పోయి నేలకు అంటుకొని ఉంటాయి. దుమ్ము పట్టిన అద్దాలు పిల్లలకు పేర్లు రాసుకొనే పలకలవుతాయి. ఇంటి కోడి ఒక్కొక్కప్పుడు వెనుక సీటు మీదనే గుడ్లు పెడుతుంది. అటువంటి కారును పాత ఇనుముల వానికి తూకానికి అమ్మివేయడం చాలా తేలిక. అలా అమ్మక, విప్పి, తుప్పు వదిలించి, మళ్లీ బిగించి రోడ్డు మీద నడిపించడం కొందరికి ఇష్టమైన వ్యాపకం. దీనిని పునరుద్ధరణ అంటారు.

పునరుద్ధరణ వేరు, మరమ్మతు వేరు. ఆగిపోయిన బండికి దొరికిన భాగమేదో వేసి కదిలేటట్లు చేస్తే అది మరమ్మతు. ఆ బండి ఒకప్పుడు ఎలా ఉండేదో తెలుసుకొని, వీలైనంతవరకు దాని సొంత భాగాలనే బాగుచేసి, దానిని ఆ రూపానికి తీసుకురావడం పునరుద్ధరణ. అయితే "ఒకప్పుడు" అంటే ఎప్పుడు? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, మా ఇంట్లో దీని మీద రెండు నెలలు వాదన జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1980 దశకం వరకు మన రోడ్ల మీద ప్రధానంగా మూడు రకాల కార్లే కనిపించేవి. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ ఒకటి. దాని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ రెండవది. బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసిన ఫియట్ మూడవది. 1964లో ఫియట్ 1100 డిలైట్ అన్న పేరుతో వచ్చిన ఈ కారే 1970 దశకంలో ప్రీమియర్ పద్మిని అయింది. కంపెనీ పేరు మార్చినా జనం మాత్రం దానిని ఫియట్ అనే పిలిచారు. 2000 ప్రాంతంలో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. నలుపు, పసుపు రంగులతో ముంబయి వీధులకు గుర్తుగా నిలిచిన పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో కనుమరుగయ్యాయి.

మా నాన్నగారు హోసూరులో 1984లో కొన్నది 1978 నాటి పద్మిని. అది సెకండ్ హ్యాండ్ కారు. తెల్లని రంగు. గేరు మార్చే కర్ర నేల మీద కాక స్టీరింగు పక్కన ఉండేది. నాన్నగారు పోయిన తరువాత 2003 నుండి అది పశువుల కొట్టంలో నిలిచిపోయింది. లేతు పనిలో ముప్పై ఏళ్లు గడిపిన మా అన్నయ్య పదవీ విరమణ చేసి ఇంటికి రాగానే, 2019లో దాని మీద కప్పిన పట్టా తీశాడు. నేను తెలుగు చదువుకొన్నవాణ్ణి. పానా పట్టుకోవడం కూడా అప్పుడే నేర్చుకొన్నాను.

మొదటి రోజు మేము ఏమీ విప్పలేదు. అన్నయ్య ఒక అయస్కాంతానికి మెత్తని గుడ్డ చుట్టి, దానిని కారు ఒంటి మీద నెమ్మదిగా జరుపుతూ వెళ్లాడు. ఇనుప రేకు ఉన్నచోట అది పట్టుకొంటుంది. రేకు పోయి, దాని స్థానంలో లప్పం మందంగా పూసి పైన రంగు వేసి ఉంటే జారిపోతుంది. కుడివైపు తలుపుల కింద మూరెడు పొడవున అయస్కాంతం పట్టలేదు. ఎప్పుడో ఎవరో టింకరింగ్ పని చేసినవారు కుళ్లిన రేకును కోసి తీయకుండా, దాని మీదనే లప్పం నింపి డబ్బు తీసుకొన్నారన్నమాట. ఇటువంటి మోసం పైకి కనిపించదు, కాని ప్రమాదకరమైనది. ఎందుకంటే పద్మినికి లారీకి ఉన్నట్లు విడిగా చట్రం ఉండదు. ఒంటి రేకులే బరువు మోస్తాయి. తలుపుల కింద ఉండే పెట్టె వంటి దూలాలు కుళ్లితే కారు నడుము విరిగినట్లే.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడూ కలిసినప్పుడు తుప్పు పుడుతుంది. ఉప్పు తగిలితే ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. అందువల్లనే యానాంలోనో, చెన్నై సముద్రపు ఒడ్డునో ఉన్న కారు, బళ్లారిలో ఉన్న కారు కంటె త్వరగా తుప్పు పడుతుంది. నీరు నిలిచే చోట్లే దానికి స్థావరాలు. కాలి కింద పరచిన పట్టాల అడుగున, చక్రాల పైకప్పుల మడతల్లో, బ్యాటరీ పెట్టే పళ్లెంలో తప్పక వెదకాలి.

తరువాతి పని విప్పడం. దీనికి పానాలకంటె ముందు కావలసింది ఒక నోటు పుస్తకం. ప్రతి భాగాన్ని విప్పకముందు ఫొటో తీయాలి. ఏ మర ఎక్కడిదో చీటీ రాసి సంచిలో వేయాలి. వీలైతే ఆ మరను దాని రంధ్రంలోనే వదులుగా తిప్పి ఉంచడం ఇంకా మంచిది. విప్పడానికి వారం పడితే బిగించడానికి ఏడాది పట్టవచ్చు, అప్పటికి మన జ్ఞాపకం మనను మోసగిస్తుంది. మన దక్షిణాదిలో ఈ విద్యకు పెద్ద పేరు కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిది. తమిళనాట ఏనాడో స్థిరపడిన తెలుగు కుటుంబంలో, కళంగల్ గ్రామంలో 1893లో పుట్టిన ఆయన యౌవనంలో ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలును చూసి ముచ్చటపడి, కష్టపడి డబ్బు కూడబెట్టి దానిని కొన్నారు. కొని ఊరేగలేదు. ముక్కలు ముక్కలుగా విప్పి మళ్లీ బిగించారు. యంత్రశాస్త్రంలో ఆయనకు అదే బడి. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య బస్సు నడిపి రవాణా రంగంలో ప్రవేశించారు. ఆయన పేరిట ఉన్న ధర్మసంస్థ కోయంబత్తూరులో నడుపుతున్న కార్ల ప్రదర్శనశాలను మీకు వీలైనప్పుడు చూడండి.

మాకు మరొక పుస్తకం కూడా తోడైంది. నాన్నగారు కారు కొన్ననాటి నుండి ఒక చిట్టా రాశారు. పెట్రోలు ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏ భాగం ఎప్పుడు మార్చింది, మేస్త్రీకి ఇచ్చిన కూలి, అన్నీ తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. 1991లో ఇంజను రీబోరింగ్ చేయించినట్లు అందులో ఉంది. పద్మిని ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసం 68 మిల్లీమీటర్లు. అరిగిన సిలిండరు గోడను లేతు పనివారు కొద్దిగా తొలిచి గుండ్రంగా సరిచేసి, అందుకు తగిన పెద్ద పిస్టన్లు వేస్తారు. ఇలా తొలవడానికి హద్దు ఉంది. ఇదివరకే ఒకసారి తొలిచారన్న సంగతి ఆ చిట్టా వల్ల తెలిసి, మేము కొలత ప్రకారం పిస్టన్ రింగులు తెచ్చుకోగలిగాం.

ఎన్నో ఏళ్లు నిలిచిన ఇంజనుకు బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం చాలామంది చేసే పొరపాటు. పిస్టన్లు సిలిండర్లకు తుప్పుతో అతుక్కొని ఉంటే లోపల గీతలు పడతాయి. అన్నయ్య స్పార్కు ప్లగ్గులు నాలుగూ తీసి, ఆ రంధ్రాలలో కిరోసిను, ఇంజను నూనె కలిపి పోసి తొమ్మిది రోజులు వదిలేశాడు. పదవ రోజున ముందు పుల్లీ మీద ఉన్న పెద్ద నట్టుకు పానా పెట్టి చేత్తోనే అటు కాస్త, ఇటు కాస్త తిప్పగా ఇంజను ఒక్క మూలుగు మూలిగి కదిలింది. పాత నూనె తీసి కొత్తది పోసిన తరువాతనే మిగిలిన పని.

పెట్రోలు కూడా నిలవ ఉంటే చెడిపోతుంది. ఆవిరైనంత ఆవిరై, మిగిలినది జిగురుగా మారి కార్బురేటరులోని సన్నని దారులను మూసివేస్తుంది. జెట్లు అనే ఆ ఇత్తడి ముక్కల రంధ్రాలను తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తనిది కాబట్టి రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు, గాలి పాళ్లు మారిపోతాయి. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదాలి. ఇప్పటి పెట్రోలుతో మరొక చిక్కు ఉంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు. పాత కార్ల రబ్బరు గొట్టాలు దానిని తట్టుకోలేక ఉబ్బి పగులుతాయి. అందుచేత వాటిని ఇథనాలుకు ఓర్చుకొనే రకంతో మార్చవలసి ఉంటుంది. ఇక్కడ "సొంత భాగమే ఉండాలి" అని పట్టుబట్టడం మూర్ఖత్వం, ఇంజను మీద పెట్రోలు కారితే కారే మిగలదు. బ్రేకుల విషయమూ ఇంతే. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొంటుంది, లోపలి రబ్బరు కప్పులు గట్టిపడతాయి. వాటన్నిటినీ కొత్తవి వేయాలి. పాత బ్రేకు లైనింగులలో రాతినార, అంటే ఆస్బెస్టాసు, ఉంటుంది. డ్రమ్ము విప్పి ఆ పొడిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

మరి రెండు హెచ్చరికలు ఇక్కడే చెప్పాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరవద్దు. గట్టి ఇనుప స్టాండ్లు పెట్టిన తరువాతనే దూరాలి. ఖాళీ పెట్రోలు ట్యాంకును ఇంట్లో వెల్డింగు చేయవద్దు. నిండు ట్యాంకు కంటె ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువగా పేలుతుంది.

భాగాల కోసం చెన్నైలోని పుదుప్పేట, బెంగుళూరులోని శివాజీనగర్ పాత సామాను అంగళ్లు తిరిగాం. హెడ్‌లైటు చుట్టూ ఉండే మెరుగుపట్టీ ఒకటి దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. వైర్ల పని మాత్రం నేను పాడుచేశాను. ఒకనాడు తొందరలో ప్లగ్గుల వైర్లు నాలుగూ చీటీలు కట్టకుండానే పీకేశాను. ఈ ఇంజను సిలిండర్లు 1, 3, 4, 2 అన్న వరుసలో మండుతాయి. నేను మాత్రం 1, 2, 3, 4గా తగిలించాను. అన్నయ్య తాళం తిప్పగానే కార్బురేటరు నుండి ఫట్టుమని మంట తుమ్మింది. కొట్టం చూరులోని పావురాలు లేచిపోయాయి. "ఛందస్సు తప్పితే ఊరుకుంటావా, దీనికీ గణాలుంటాయిరా" అన్నాడు అన్నయ్య. ఆ మాట నాకు బాగా తగిలింది.

కుళ్లిన రేకులను కోసి కొత్తవి అతికించే పనిని తెలిసిన మేస్త్రీకి అప్పగించాం. ఈ వ్యాపకంలో ప్రతిదీ స్వయంగా చేయాలన్న నియమం లేదు. రాని పనిని రానిదని ఒప్పుకోవాలి. గరుకు కాగితంతో నీళ్లు చల్లుతూ రుద్దడం, ప్రైమరు పూయడం, మళ్లీ రుద్దడం మేమే చేశాం. వాదన వచ్చింది అప్పుడే.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు తీసినప్పుడు దాని కింద ఆకుపచ్చ రంగు బయటపడింది. అంటే కర్మాగారంలో ఈ కారుకు వేసిన రంగు ఆకుపచ్చ. మొదటి యజమాని ఎవరో దానిని తెల్లగా మార్పించారు. అసలు రంగు ఎండ తగలని ఇటువంటి మూలల్లోనే దాగి ఉంటుంది. అన్నయ్యకు చాలా సంతోషం కలిగింది. పునరుద్ధరణ అంటే పుట్టినప్పటి రూపమే కాబట్టి ఆకుపచ్చే వేయాలన్నాడు. వాహనాల పోటీలలో తీర్పు చెప్పేవారు కూడా దానికే విలువ ఇస్తారు. అమ్మ మాత్రం కొట్టం గడప దగ్గర నిలబడి, "పచ్చ కారు ఎవరిదో నాకు తెలియదు నాయనా, మీ నాన్న తెచ్చింది తెల్ల కారు" అన్నది.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. 1978లో కుర్లా నుండి వచ్చినదీ ఈ కారే, 1984లో మా వాకిట్లోకి వచ్చినదీ ఈ కారే. రెండింటిలో ఒకదాన్నే తిరిగి తేగలం. పుస్తకాల పరిష్కర్తలకు కూడా ఇటువంటి చిక్కే వస్తుంది, కవి రాసిన పాఠమా, జనం తరతరాలుగా చదివిన పాఠమా అని. చివరకు బయట తెలుపే వేశాం. డిక్కీ మూత లోపలివైపు, తలుపుల అంచుల్లో మాత్రం ఆకుపచ్చను తాకకుండా శుభ్రం చేసి వదిలేశాం. ముందు సీటు చివర నాన్నగారి మోచేయి ఆని అరిగిన చోట కొత్త రెక్సిన్ వేయించలేదు. కుషను పనివాడు అది తన పనికి మచ్చ అని నొచ్చుకొన్నాడు.

2022 జనవరిలో కారు కొట్టం దాటింది. ఇంజను నంబరు, చట్రం నంబరు రిజిస్ట్రేషను పత్రంతో సరిపోలాయి. రుద్దే తొందరలో ఆ నంబర్లను చెరిపేసుకొన్నవారు చాలా అవస్థ పడతారు. సొంత కారుకు మొదటి పదిహేనేళ్లు దాటిన తరువాత ఐదేళ్లకొకసారి పరీక్ష చేయించి, రుసుము కట్టి రిజిస్ట్రేషనును పొడిగించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని వాహనాలకు 2021 నుండి కేంద్ర ప్రభుత్వం వేరే ఏర్పాటు చేసింది. వాటి నంబరులో "వీఏ" అన్న అక్షరాలు చేరుతాయి. అటువంటి వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకువెళ్లవచ్చు గాని, రోజువారీ పనులకు వాడరాదు.

మా కారుకు 2028లో యాభై నిండుతాయి. ఆ గుర్తింపుకు దరఖాస్తు పెట్టాలా వద్దా అని అన్నయ్య ఇంకా తేల్చుకోలేదు. ప్రతి శుక్రవారం అమ్మ గుడికి వెళ్లేది అందులోనే.