బిళ్ళపై తేది, మట్టిలో తేది

తుర్కయంజాల్ దగ్గర నాగార్జునసాగరు పోవు బాట కిరువైపుల చెలకలు నేడు ఇండ్ల స్థలములుగా మారుచున్నవి. నాగలి ఎన్నడును ముట్టని లోతునకు యంత్రములు ఒక్క పూటలో దిగుచున్నవి. అట్లు చదును చేసిన నేలలో దొరికిన ఇత్తడి బిళ్ళ నొకదానిని మా విద్యార్థి యొకడు ఒకనాడు తరగతికి తెచ్చెను. అతని అన్న లోహశోధకమును తెప్పించి, అది కూతపెట్టిన చోట తవ్వి దానిని తీసెనట. బిళ్ళకు ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకము, రెండవవైపు ఆంగ్లాక్షరములలో ఈస్టిండియా కంపెనీ పేరు, "ఒక అణా" అను మాట, 1818 అను సంవత్సరము ఉన్నవి. ముందురాత్రి ఇంటివారు దానిని చింతపండుతో తోమి తళతళలాడించిరి.

"రెండు వందల యేండ్ల నాటిది, సార్! తేది దానిమీదనే ఉన్నది" అని ఆ బాలుడు సంతోషముతో పలికెను.

తేది ఉన్న మాట నిజమే. కాని ఒక వస్తువుపై నున్న తేదియే దాని వయస్సు అగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో భౌతిక, రసాయన, చరిత్ర శాస్త్రములు మూడును ఒక్కచోట కలియును.

లోహశోధకము ఎట్లు కూయును?

లోహశోధకములో ముఖ్యమైనది ఒక తీగచుట్ట. దానిలో దిశ మారుచుండు విద్యుత్తును ప్రవహింపజేసినచో చుట్టును మారుచుండు అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రము నేలలోని లోహమును తాకినపుడు, 1831లో ఫారడే కనుగొనిన ప్రేరణ నియమము ననుసరించి, లోహములో చిన్నచిన్న సుడి ప్రవాహములు పుట్టును. ఆ ప్రవాహములు తమ సొంత అయస్కాంత క్షేత్రమును కల్పించును. పరికరము ఈ చిన్న మార్పును పసిగట్టి ధ్వనిగా మార్చును.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహములో చిక్కుకొనిన తుపాకిగుండును వెదకుటకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి పరికరమునే వాడెను. పరుపు క్రింది ఉక్కు తీగల వలన అది తికమక పడినదని చెప్పుదురు. రెండవ ప్రపంచ యుద్ధములో పోలెండు దేశీయుడు కొసాట్స్కి నేలలోని మందుపాతరలను కనుగొనుటకు మేలైన శోధకమును నిర్మించెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. శోధకము "ఇక్కడ లోహము కలదు" అని మాత్రమే చెప్పును. అది ఎవరిది, ఎప్పటిది అని చెప్పదు. లోహము కానిదానిని గురించి అసలే మాట్లాడదు.

వ్రాసిన తేదిని నమ్మవచ్చునా?

మన దేశములో పూజకును, దానమునకును, మెడలో ధరించుటకును చేసిన బిళ్ళలను రామటెంకెలు అందురు. ఇవి బంగారము, వెండి, ఇత్తడి మొదలగు లోహములతో చేయబడినవి. అంగడిలో చెల్లుటకు కాక, భక్తికొరకు చేయబడినవి. వీనిలో చాలవానిపై నాగరి లిపిలో 51740 అను అంకెలు కానవచ్చును. ఇది సంవత్సరమే యైనచో ఏ శకము ప్రకారము ఆ ఏడు రావలెను? బిళ్ళకు ప్రాచీనతను, మహిమను ఆపాదించుటకే ఇట్టి అంకెలు వేయబడినవని నాణెముల శాస్త్రజ్ఞులు తలచెదరు.

మా విద్యార్థి బిళ్ళయు ఈ కుటుంబమునకు చెందినదే. అణా అను విలువగల ప్రత్యేక నాణెము ప్రభుత్వ టంకశాలలనుండి జనుల చేతికి వచ్చినది 1906 నాటి నాణెముల చట్టము తరువాతనే. అదియు ఇత్తడిది కాదు. రాగి, నికెలు కలిపిన మిశ్రలోహము. కాబట్టి 1818 నాటి కంపెనీ అణా అనునది కల్పితమే. ఇట్టి బిళ్ళలపై 1616, 1717 అను సంవత్సరములు కూడ కనబడును. పాతదనిపించు తేది ఎక్కువ ధర పలుకును గదా!

తేది అన్ని వేళల మోసముకొరకే వేయబడునని అనుకొనరాదు. కతోలిక క్రైస్తవులు ధరించు మరియమ్మ పతకముపై 1830 అని ఉండును. పారిసులో కాథరీన్ లాబూరే అను సన్యాసినికి దర్శనము కలిగిన సంవత్సరమది. మొదటి పతకములు ముద్రింపబడినది 1832లో. నేడు తయారగు పతకముపైనను 1830 అనియే ఉండును. పునీత బెనెడిక్టు పతకముపై రోమను అంకెలలో గల 1880 కూడ ఆయన పుట్టిన 1400వ సంవత్సరపు ఉత్సవమునకు గుర్తు. కనుక మతసంబంధమైన పతకముపై తేది సాధారణముగ ఒక స్మృతిని చెప్పును. తయారైన సంవత్సరమును కాదు.

లోహము చెప్పు సాక్ష్యము

వ్రాత బొంకినను లోహము అంత తేలికగా బొంకదు. ఇందుకు పాఠశాలలోనే ఒక పరీక్ష చేయవచ్చును. బిళ్ళను సన్నని దారముతో త్రాసుకు వ్రేలాడదీసి, గాలిలో ఒకమారు, నీటిలో ముంచి ఒకమారు తూచవలెను. మా బిళ్ళ గాలిలో 12.6 గ్రాములు, నీటిలో 11.1 గ్రాములు తూగెను. తేడా 1.5 గ్రాములు. 12.6ను 1.5తో భాగించినచో సాంద్రత 8.4 వచ్చినది. ఇది ఇత్తడికి సరిపోవును. అల్యూమినియము సాంద్రత 2.7, వెండి 10.5, సీసము 11.3, బంగారము 19.3 అని గుర్తుంచుకొనిన చాలును.

లోహమేదో తెలిసినచో "ఇంతకు ముందు పుట్టియుండదు" అని ఒక హద్దు గీయవచ్చును. అల్యూమినియమును చౌకగా తీయు పద్ధతిని హాల్, ఎరూ అనువారు 1886లో కనుగొనిరి. మన దక్షిణాదిన 1898 ప్రాంతమున మద్రాసు శిల్పకళా పాఠశాలలో చాటర్టన్ అల్యూమినియపు పాత్రలు చేయించుట మొదలిడెను. కాబట్టి చౌకరకపు అల్యూమినియము పతకముపై ఎంత పాత తేది ఉన్నను అది ఆ కాలమునకు ముందుదై యుండదు.

ఇత్తడి రాగి, యశదముల కలయిక. పూర్వము రాగితో యశదపు ఖనిజమును కలిపి కాల్చి ఇత్తడి చేసెడివారు. ఆ పద్ధతిలో నూటికి ముప్పది పాళ్ళకంటె ఎక్కువ యశదము కలియుట కష్టము. రాజస్థానములోని జావర్‌లో యశదమును ఆవిరిగా మార్చి, చల్లార్చి పెద్దయెత్తున తీయుట వచ్చిన పిమ్మట అంతకంటె ఎక్కువ కలుపుట సులువైనది. ఇప్పుడు ఎక్స్ కిరణములను వస్తువుపై ప్రసరింపజేసి, అది తిరిగి వెలువరించు కిరణములనుబట్టి ఏ మూలకము ఎంత కలదో దానిని గీయకుండనే చెప్పగలరు. అయితే ఈ పరీక్ష పైపొరను మాత్రమే చూచును. చిలుము పట్టిన చోట లెక్క తప్పవచ్చును.

చిలుము వయస్సు చెప్పునా?

పచ్చగా చిలుము పట్టినది పాతదని చాలమంది తలంతురు. రాగి మొదట ఎర్రని ఆక్సైడుగా మారి, పిమ్మట తేమ, బొగ్గుపులుసు వాయువులతో కలిసి పచ్చని కార్బొనేటు అగును. ఈ మార్పు ఎంత వేగముగ జరుగుననునది కాలముపై మాత్రమే కాక నేలపైనను ఆధారపడును. తేమ నిలుచు రేగడిలోను, ఉప్పులు గల నేలలోను, ఎరువులు వేసిన పొలములోను అది త్వరపడును. కనుక చిలుము గడియారము కాదు.

కాని అది పనికిరానిదియు కాదు. దానిలో నేల మట్టి, బిళ్ళను చుట్టిన గుడ్డ జాడ, కొక్కెములో మిగిలిన దారపు పోగు చిక్కుకొని యుండవచ్చును. లోహము వయస్సును రేడియో కార్బను పద్ధతి చెప్పజాలదు. దారములోను, ప్రక్కనున్న బొగ్గులోను కార్బను ఉండుటచే వాని వయస్సును చెప్పగలదు. చింతపండులోని ఆమ్లము చిలుమును కరగించివేయును. ఒక్క రాత్రిలో ఆ ఇంటివారు పోగొట్టినది ఈ సాక్ష్యమునే.

అసలు తేది మట్టిలో

అన్నిటికంటె గట్టి సాక్ష్యము మట్టి పొర. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బౌద్ధ విహార శిథిలములను తవ్వుచుండగా 2024 మార్చిలో ఒక మట్టికుండ బయటపడినది. అందులో 3,730 సీసపు నాణెములు ఉన్నవి. ఒకవైపు ఏనుగు, రెండవవైపు ఉజ్జయిని చిహ్నము. సగటు బరువు 2.3 గ్రాములు. ఒక్కదానిపైనను సంవత్సరము లేదు. అయినను అవి ఇక్ష్వాకుల కాలపువని, అనగా క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములవని నిర్ణయింపగలిగిరి. ఆ చిహ్నములే కాక, కుండ ఉన్న చోటు, దాని పొర, ఆ తవ్వకములో దొరికిన పూసలు, శంఖపు గాజుల ముక్కలు కలిసి సాక్ష్యము పలుకును.

2021 ఏప్రిలులో జనగామ దగ్గర పెంబర్తిలో ఇండ్ల స్థలములకై నేల చదును చేయుచుండగా ఒక రాగిపాత్ర దొరికెను. సుమారు 190 గ్రాముల బంగారము, 1.7 కిలోల వెండి ఆభరణములు అందున్నవి. సంగతి అధికారులకు చేరి అవి భద్రమైనవి. ఐనను యంత్రము కదల్చిన మట్టిని తిరిగి పొరలుగా పేర్చుట ఎవరి తరము?

సంగారెడ్డి జిల్లా కొండాపురములో రోమను నాణెముల బొమ్మను మట్టిపై అచ్చొత్తి, మెడలో వేసికొనుటకు వీలుగా చేసిన బిళ్ళలు దొరికినవి. వీనికి లోహశోధకము కూయదు. లోహముకొరకు గునపము దింపినవాడు వీనిని పెంకులనుకొని చితుకగొట్టును.

మన కర్తవ్యము

మన ప్రాంతము కొత్తగా వెలసినది కాదు. దిల్‌సుఖ్‌నగరుకు చేరువనే, మూసీ ఒడ్డున చైతన్యపురిలో, విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనము గోవిందరాజ విహారమను బౌద్ధ విహారమును పేర్కొనుచున్నది. ఏ చెలక క్రింద ఏమి కలదో ఎవరు చెప్పగలరు?

కావున పాతవస్తువు కనబడినచో దానిని కదల్పరాదు, తోమరాదు. ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీసి, చోటును, లోతును వ్రాసికొని, తహసీలుదారునకు గాని పురావస్తు శాఖకు గాని తెలుపవలెను. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపుట విధి. తెలిపినవానికి వాటాయు, ప్రతిఫలమును ఆ చట్టమే ఏర్పరచినది. దాచినవానికి శిక్షయు కలదు. రక్షిత స్థలములలో అనుమతి లేక తవ్వుట నేరము.

మా విద్యార్థి చివరకు అడిగెను: "అయితే దీని వయస్సు ఎంత, సార్?" అది 1818 నాటిది కాదని మాత్రము చెప్పగలిగితిని. ఏ లోతున, ఏ పొరలో, దేని ప్రక్కన ఉన్నదో అతని అన్నను అడిగించితిని. అన్నకు జ్ఞాపకము లేదు. ఆ బిళ్ళకు సమాధానము తవ్విన గుంటలోనే ఉండినది. ఆ గుంటపై ఇప్పుడు ఇల్లు లేచినది. మరుసటి వారము ఆ బాలుడు తన నోటుపుస్తకములో ఒక పుట పైభాగమున "చోటు, లోతు, ప్రక్కనున్నవి" అని మూడు గళ్ళు గీసి నాకు చూపెను. గళ్ళు ఇంకను ఖాళీగానే ఉన్నవి. మన పాఠశాలలలో ప్రతి విద్యార్థియు గీసికొనదగిన గళ్ళు అవి.